మేడ మీద సోలార్‌కి ఏ ఇన్వర్టర్: ఆన్‌గ్రిడ్డా, హైబ్రిడా, మైక్రోనా?

సోలార్ పెట్టించుకోవాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది ఏ కంపెనీ ప్యానెల్ మంచిదని. సబ్సిడీ కింద పెట్టే ప్యానెళ్లలో సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే ఉండాలి. అలాంటివి తయారుచేసే పేరున్న కంపెనీల మధ్య తేడా నెల బిల్లులో కనపడేంత ఉండదు. తేడా వచ్చేది ఆ డీసీ కరెంటుని ఇంటి ఏసీగా మార్చే చోట, దాన్ని లైనుకి కలిపే చోట. ఒకే వీధిలో రెండు ఇళ్ల మీద ఒకే రకం ప్యానెళ్లున్నా ఒకరికి నెలకి 360 యూనిట్లు, పక్కింటికి 280 వస్తున్నాయంటే ఇన్వర్టర్, వైరు, నీడ ఈ మూడింటిలో ఎక్కడో తేడా ఉందన్నమాట.

ఇది ఆంధ్ర, తెలంగాణల్లో నెట్ మీటరింగ్ (లైనుకి పంపిన యూనిట్లని వాడిన వాటిలోంచి తీసేసి బిల్లు వేసే పద్ధతి) కింద 2 నుంచి 10 కిలోవాట్ల దాకా పెట్టుకునే ఇళ్ల కోసం రాసింది. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. రోజుకి గంట, రెండు గంటలు మాత్రమే కరెంటు పోయే పట్టణపు ఇంటికి మామూలు ఆన్‌గ్రిడ్ స్ట్రింగ్ ఇన్వర్టర్ చాలు, అంటే ప్యానెళ్లన్నీ వరుసగా ఒక్కదానికే కలిసి, లైను ఉన్నప్పుడే నడిచేది. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్లూ లైట్లూ నడపడానికి ఇప్పటికే ఉన్న బ్యాటరీ ఇన్వర్టర్‌ని అలాగే ఉంచుకోండి. బ్యాటరీని కూడా కలుపుకుని నడిచే హైబ్రిడ్ అవసరమైన ఇళ్లు ఉన్నాయి గానీ, అమ్మేవాళ్లు చెప్పినన్ని లేవు.

ముందు బిల్లు తీయండి

గత 12 నెలల యూనిట్లు కూడి 12తో భాగించండి. మన ఎండకి 1 కిలోవాట్ సగటున రోజుకి 4 యూనిట్లు, నెలకి 120 ఇస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇంతకన్నా ఎక్కువ, జులై, ఆగస్టు ముసురులో 3కి కూడా దిగుతుంది. నెలకి 400 యూనిట్లు కాల్చే ఇంటికి 3 కిలోవాట్లు సరిపోతాయి.

తెలంగాణలో 2022-23 టారిఫ్ స్లాబుల ప్రకారం 400 యూనిట్లకి ఎనర్జీ చార్జీ ఇలా పడుతుంది: మొదటి 200కి 5.10 చొప్పున 1,020, తర్వాతి వందకి 7.70 చొప్పున 770, ఆ పై వందకి 9 చొప్పున 900. మొత్తం 2,690 రూపాయలు. 3 కిలోవాట్లు పెడితే లెక్కలో మిగిలేది 40 యూనిట్లు, అవి కూడా అడుగు స్లాబులోకి దిగిపోతాయి. అంటే నెలకి 2,600 దాకా మిగులు. ముందు పోయేవి పై స్లాబు యూనిట్లే కాబట్టి ఎక్కువ కాల్చే ఇంటికి సోలార్ త్వరగా గిట్టుబాటవుతుంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు కడుతున్న ఇంటికి మాత్రం ఇందులో మిగిలేదేమీ లేదు. ఆ డబ్బు దగ్గరే ఉంచుకోవడం మేలు.

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. దాని కింద సబ్సిడీ మొదటి 2 కిలోవాట్లకి కిలోవాట్‌కి 30,000 చొప్పున, మూడోదానికి 18,000. మొత్తం 78,000 దాటదు. 5 కిలోవాట్లు పెట్టినా అంతే. ప్యానెళ్ల కెపాసిటీ, ఇన్వర్టర్ కెపాసిటీ రెండింట్లో ఏది తక్కువైతే సబ్సిడీ దాని మీదే లెక్క కడతారు. 3 కిలోవాట్ల ప్యానెళ్లకి 2.5 కిలోవాట్ల ఇన్వర్టర్ తగిలించి ధర తగ్గించామనే వాళ్ల దగ్గర ఈ సంగతి గుర్తుంచుకోండి. అపార్టుమెంట్ సంఘాలకి లిఫ్టు, మోటారు, కామన్ లైట్ల మీటరు కోసం కిలోవాట్‌కి 18,000 లెక్క వేరే ఉంది.

అవసరానికి మించి పెట్టడం కూడా తప్పే. ఒప్పందంలో రాసిన సెటిల్‌మెంట్ గడువుకి మిగిలిపోయిన యూనిట్లకి కరెంటు పంపిణీ సంస్థ (డిస్కం) ఇచ్చే రేటు మీరు కట్టే రేటు కన్నా బాగా తక్కువ.

కరెంటు పోతే ఏమవుతుంది

ఎంపికలో అసలు మలుపు ఇదే. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైనులోని 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల తరంగాన్ని చూసి దానికి అనుగుణంగా తన కరెంటుని పంపిస్తుంది. లైను పోతే అదీ ఆగిపోవాలి, నిబంధన కూడా అదే. స్తంభం మీద లైన్‌మన్ పని చేస్తుంటే మీ మేడ మీద నుంచి 230 వోల్టులు అతని చేతికి రాకూడదు కదా. అందుకే మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా, లైను లేకపోతే ఆన్‌గ్రిడ్‌తో ఒక్క బల్బు కూడా వెలగదు. లైను తిరిగొచ్చాక ఒకటి నుంచి ఐదు నిమిషాలు చూసి మళ్లీ మొదలవుతుంది. అది లోపం కాదు.

పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఎలక్ట్రీషియన్లు చేసే ప్రమాదకరమైన పొరపాటు ఒకటుంది. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ వైరుని దగ్గర్లో ఉందని బ్యాటరీ ఇన్వర్టర్ అవుట్‌పుట్ వైపు కలిపేస్తారు. లైను పోగానే బ్యాటరీ ఇన్వర్టర్ 230 వోల్టులు ఇస్తుంది. సోలార్ ఇన్వర్టర్ దాన్నే లైననుకుని 2, 3 కిలోవాట్లు దాంట్లోకి తోస్తుంది. ఆ కరెంటు పోవడానికి దారి లేక వోల్టేజి ఎగబాకుతుంది, బ్యాటరీ ఇన్వర్టర్ లోపలి ట్రాన్సిస్టర్లు పేలతాయి. సోలార్ ఏసీ వైరు ఎప్పుడూ మీటరు పక్కన మెయిన్ బోర్డులో, బ్యాటరీ ఇన్వర్టర్ కన్నా ముందే కలవాలి. ఇన్‌స్టలేషన్ రోజు ఈ ఒక్కటీ దగ్గరుండి చూసుకోండి.

హైబ్రిడ్ ఎక్కడ పనికొస్తుంది

హైబ్రిడ్ ఇన్వర్టర్ మామూలు రోజుల్లో లైనుతో కలిసి నడుస్తుంది. లైను పోతే 10, 20 మిల్లీసెకన్లలో విడిపోయి, బ్యాకప్ పోర్టుకి కలిపిన లోడుని ఎండతోనూ బ్యాటరీతోనూ నడుపుతుంది. రోజూ నాలుగైదు గంటలు కరెంటు పోయే ఊళ్లకి, ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ లాంటివి ఉన్నవాళ్లకి, ఇంటి దగ్గర క్లినిక్ నడిపేవాళ్లకి ఇది పెట్టదగ్గ ఖర్చు.

మిగతావాళ్లు ఈ లెక్క చూడండి. ప్యానెల్ నుంచి నేరుగా ఏసీగా మార్చినప్పుడు 97, 98 శాతం చేతికొస్తుంది. అదే కరెంటు బ్యాటరీలోకి వెళ్లి రాత్రి తిరిగి ఏసీగా వచ్చేసరికి లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ బ్యాటరీతో దాదాపు 85, 90 శాతం మిగులుతుంది, పాత ట్యూబులర్ బ్యాటరీతో 70, 75. నెట్ మీటరింగ్‌లో పగలు పంపిన 10 యూనిట్లకి రాత్రి 10 యూనిట్లు లెక్కలో తిరిగొస్తాయి. అలాంటప్పుడు అవే 10 యూనిట్లు బ్యాటరీలో దాచుకుంటే ఒకటో ఒకటిన్నరో పోగొట్టుకుంటున్నట్టే. బ్యాటరీ అరుగుదల దానికి అదనం.

51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ అంటే 5.12 యూనిట్లు. 80 శాతం వాడితే రాత్రికి 4.1 యూనిట్లు. 4,000 సార్లు నింపి వాడితే మొత్తం 16,400 యూనిట్లు. బ్యాటరీ లక్ష రూపాయలనుకుంటే యూనిట్ దాచుకోవడానికే 6 రూపాయలు పడింది, కరెంటు ఖరీదు కాక. రాత్రి యూనిట్ 9 రూపాయలకి కొంటున్నా ఇందులో మిగిలేది తక్కువ. కాబట్టి హైబ్రిడ్ కొన్నా సెట్టింగుల్లో బ్యాటరీని బ్యాకప్ కోసమే ఉంచేలా పెట్టండి. చార్జ్ 80, 90 శాతం దగ్గర నిలబడాలి, లైను ఉన్నంతసేపు దాన్ని ముట్టకూడదు. చాలా ఇన్‌స్టలేషన్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సెల్ఫ్‌యూజ్ మోడ్‌లోనే వదిలేస్తారు. ఆ మోడ్‌లో సాయంత్రం అంతా బ్యాటరీ ఖాళీ అయి, రాత్రి పదకొండుకి నిజంగా కరెంటు పోయేసరికి చేతిలో ఏమీ ఉండదు.

ఎవరూ చెప్పనిది మరొకటుంది, ఇన్వర్టర్ సొంత వాడకం. చిన్న హైబ్రిడ్‌లు ఏ లోడూ లేకపోయినా 40 నుంచి 80 వాట్లు తింటాయి. 60 వాట్లనుకుంటే 24 గంటలకి 1.4 యూనిట్లు. 3 కిలోవాట్ల సిస్టం రోజుకిచ్చే 12 యూనిట్లలో ఇది పదో వంతు కన్నా ఎక్కువ. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ రాత్రిపూట తినేది కొద్ది వాట్లే. బ్రోషర్ మొదటి పేజీలో 98 శాతం ఎఫిషియెన్సీ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, నో-లోడ్ వాట్లు చివరి పేజీ పట్టికలో చిన్నక్షరాల్లో ఉంటాయి. చూడాల్సింది రెండోది.

బ్యాకప్ పోర్టుకి ఏం కలపాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ, వైఫై, ఒక ఇన్వర్టర్ ఎయిర్ కండిషనర్ అయితే 3 కిలోవాట్ల హైబ్రిడ్ లాగుతుంది. బోరు మోటారు దగ్గర ఆశ పెట్టుకోవద్దు. 1.5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ నడుస్తున్నప్పుడు లాగే దానికి స్టార్టయ్యే క్షణంలో ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. మోటారు లైను మీదే ఉండనివ్వండి.

వైరింగ్‌లో తరచూ వచ్చే తంటా న్యూట్రల్. బ్యాకప్ లోడ్లకి ఫేజ్ వైరు విడదీసి, న్యూట్రల్ మాత్రం పాత కామన్ బార్‌లోనే వదిలేస్తారు. లైను ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, కరెంటు పోయినప్పుడల్లా లీకేజి కనిపెట్టి కట్ చేసే బ్రేకర్ ఆర్‌సీసీబీ కొట్టేస్తుంది. ఇన్వర్టర్ పాడైందనుకుని కంపెనీకి ఫోన్లు చేస్తుంటారు. బ్యాకప్ లోడ్లకి న్యూట్రల్ కూడా పూర్తిగా విడిగా, విడి బార్ మీదికి రావాలి.

లిథియం బ్యాటరీని మేడ మీద రేకుల గదిలో పెట్టనివ్వకండి. 45 డిగ్రీలు దాటిన వేడిలో దాని ఆయుష్షు త్వరగా తగ్గుతుంది. కింద, గాలి ఆడే చోట, నేల తడి తగలకుండా ఉండాలి.

నీడ పడే మేడలు

స్ట్రింగ్ ఇన్వర్టర్‌లో ప్యానెళ్లన్నీ వరుసగా కలుస్తాయి, అన్నింట్లోనూ ఒకే కరెంటు పారాలి. అందుకని ఒక ప్యానెల్ మీద నీడ పడితే మొత్తం పడిపోతుందని భయపెట్టి, ప్యానెల్‌కి ఒకటి చొప్పున దాని వెనుకే బిగించే మైక్రో ఇన్వర్టర్లు అమ్ముతారు. అందులో సగమే నిజం. ప్రతి ప్యానెల్‌లో మూడు బైపాస్ డయోడ్లుంటాయి. నీడ పడిన భాగాన్ని పక్కన పెట్టి మిగతా కరెంటుని అవి దాటిస్తాయి. ఆరు ప్యానెళ్ల స్ట్రింగ్‌లో ఒకదాని మూలన ట్యాంకు నీడ పడితే పోయేది ఆ ప్యానెల్‌లో ఓ భాగమే. అయితే ఇన్వర్టర్‌లో షాడో స్కాన్ అనే సెట్టింగు ఆన్‌లో ఉండాలి, లేకపోతే అది తక్కువ పవర్ ఇచ్చే వోల్టేజి దగ్గరే ఇరుక్కుపోవచ్చు.

ఇప్పుడొచ్చే హాఫ్‌కట్ ప్యానెళ్లలో పై సగం, కింది సగం సమాంతరంగా కలిసి ఉంటాయి. పిట్టగోడ నీడ సాయంత్రం కింది అంచు మీద పడుతుంటే, ప్యానెల్‌ని నిలువుగా బిగిస్తే పై సగం పనిచేస్తూనే ఉంటుంది.

నీడకి మొదటి మందు ఇన్వర్టర్ కాదు, స్ట్రక్చర్. 8 అడుగుల ఎత్తు స్ట్రక్చర్ వేస్తే పిట్టగోడ నీడ పోతుంది, మెట్లగది, ట్యాంకు నీడ చాలా మటుకు తప్పుతుంది. కింద వడియాలు, మిరపకాయలు ఎండబెట్టుకోడానికి చోటు కూడా పోదు. ఎత్తు పెరిగితే గాలి తాకిడి పెరుగుతుంది. గాలి వేగానికి భారత ప్రమాణాల్లో హైదరాబాద్‌కి సెకనుకి 44 మీటర్లు, విజయవాడ, విశాఖలకి 50 మీటర్లు తీసుకోవాలని ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ చూసిన విశాఖ వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కోస్తాలో స్ట్రక్చర్ హాట్‌డిప్ గాల్వనైజ్ చేసినదై, పూత 80 మైక్రాన్లకి తగ్గకుండా, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వై ఉండాలి. వెల్డింగ్ చేసి పైన సిల్వర్ పెయింట్ కొట్టిన చోట తుప్పు మొదలవుతుంది. బోల్టు జాయింట్లే అడగండి.

మైక్రో ఇన్వర్టర్ సబబయ్యే ఇళ్లు ఇవి: ప్యానెళ్లు మూడు నాలుగు వేర్వేరు దిక్కులకి పెట్టాల్సినవి, కొబ్బరి చెట్ల నీడ రోజంతా కదులుతూ ఉండేవి, ముందు రెండు ప్యానెళ్లతో మొదలుపెట్టి తర్వాత పెంచుకుందామనుకునేవి. ప్రతి ప్యానెల్ విడిగా పనిచేస్తుంది, మేడ మీద 300 వోల్టుల డీసీ ఉండదు, ఫోన్‌లో ప్యానెల్‌వారీ లెక్క కనిపిస్తుంది. ధర ఎక్కువ. మా అభ్యంతరం ధర కన్నా వేడి గురించే. మే నెలలో ప్యానెల్ వెనుక 60, 70 డిగ్రీల దగ్గర ఆ ఎలక్ట్రానిక్స్ ఏళ్ల తరబడి బతకాలి. ఒకటి పోతే పైకెక్కి ప్యానెల్ ఊడదీయాలి. తూర్పు, పడమర రెండే దిక్కులైతే ఒక్కో స్ట్రింగ్ నుంచి గరిష్ఠ పవర్ లాగే ఎంపీపీటీ భాగాలు రెండున్న స్ట్రింగ్ ఇన్వర్టర్ తక్కువలో అదే పని చేస్తుంది. ఒకటి రెండు ప్యానెళ్లకే నీడైతే వాటికి మాత్రం పవర్‌ని ప్యానెల్‌వారీగా సర్దే ఆప్టిమైజర్లు పెట్టించుకుంటే చాలు. ఇన్వర్టర్ కంపెనీ ఏ ఆప్టిమైజర్‌ని ఒప్పుకుంటుందో ముందు కనుక్కోవాలి.

స్ట్రింగ్ ఇన్వర్టర్ స్పెసిఫికేషన్లో ఏం చూడాలి

545 వాట్ల ప్యానెల్ ఉదాహరణగా తీసుకుందాం. ఓపెన్ సర్క్యూట్ (లోడు కలపనప్పటి) వోల్టేజి దాదాపు 49.5, పనిచేసే వోల్టేజి 41.5, కరెంటు 13.1 ఆంపియర్లు. ఆరు కలిపితే 3.27 కిలోవాట్లు. ఓపెన్ వోల్టేజి 297. ఆదిలాబాద్ చలికాలపు ఉదయం 10 డిగ్రీల దగ్గర ఇంకో 4 శాతం పెరిగి 309 అవుతుంది. ఇన్వర్టర్ గరిష్ఠ డీసీ 550 వోల్టులైతే ఇబ్బంది లేదు. వేసవిలో సెల్ 70 డిగ్రీలకి చేరితే పనిచేసే వోల్టేజి 249 నుంచి 210 దగ్గరికి దిగుతుంది. ఇన్వర్టర్ ఫుల్ పవర్ ఇచ్చే వోల్టేజి పరిధిలో ఇది ఉండాలి. మూడే ప్యానెళ్లని విడి స్ట్రింగుగా కలిపితే వేడిలో 105 వోల్టులే వస్తాయి. 120 వోల్టుల దగ్గర గానీ మొదలవని ఇన్వర్టర్‌కి అది చాలదు.

కరెంటు లెక్క కూడా చూడాలి. కొన్ని పాత మోడళ్లు ఒక ఎంపీపీటీకి 12.5 ఆంపియర్లే తీసుకుంటాయి. 13.1 ఆంపియర్ల ప్యానెల్ పెడితే మంచి ఎండలో మిగతాది వదిలేస్తాయి. గోదాములో మిగిలిన స్టాకు తక్కువ ధరకి వస్తుందంటే తరచూ కారణం ఇదే.

ఎఫిషియెన్సీ 96.5, 97.5 మధ్య తేడాకి ఎంత పెట్టొచ్చు? 3 కిలోవాట్లు ఏడాదికి ఇచ్చేది 4,300 యూనిట్ల చిల్లర. ఒక శాతం అంటే 43 యూనిట్లు, పై స్లాబులోనైనా 400 రూపాయల లోపు. ఆ ఒక్క శాతానికి పది వేలు ఎక్కువ పెట్టకండి. పది వేలు పెట్టాలనుంటే పదేళ్ల వారంటీకి, ఊళ్లో సర్వీస్ సెంటర్ ఉన్న బ్రాండుకి పెట్టండి.

ప్యానెల్ రకం గురించి ఒక్క మాట. వేడికి మోనో పెర్క్ డిగ్రీకి 0.35 శాతం, టాప్‌కాన్ 0.30 శాతం దిగుతాయి. ప్యానెల్ 65 డిగ్రీలకి చేరితే 25 మీద 40 డిగ్రీలు ఎక్కువ కాబట్టి ఒకటి 14, మరొకటి 12 శాతం తగ్గుతాయి. తేడా రెండు శాతం. ధరలో తేడా దానికి తగ్గట్టే ఉంటే తీసుకోవచ్చు.

ఇన్వర్టర్ కూడా వేడికి తగ్గుతుంది. చాలా మోడళ్లు 45 డిగ్రీల పైన పవర్ తగ్గించుకుంటాయి. పడమటి గోడకి, ఎండ తగిలేలా బిగించిన ఇన్వర్టర్ మే నెల మధ్యాహ్నాల్లో తన పూర్తి కెపాసిటీ ఇవ్వదు. మెట్లగదిలోనో ఉత్తరపు గోడకో పెట్టించండి.

వోల్టేజి: ఎక్కువ యూనిట్లు పోయేది ఇక్కడే

ఎండ బాగా ఉండి, వీధిలో వాడకం తక్కువ ఉన్న ఆదివారం మధ్యాహ్నం సోలార్ ఇన్వర్టర్లు ఎక్కువగా ట్రిప్ అవుతాయి. నిబంధనల ప్రకారం వోల్టేజి 110 శాతం, అంటే 253 దాటితే ఇన్వర్టర్ 2 సెకన్లలోపు లైను నుంచి విడిపోవాలి. కరెంటు లైనులోకి పోవాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి లైను కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. ఎంత ఎక్కువన్నది మీ వైరు మీద ఆధారపడుతుంది.

ఇన్వర్టర్ నుంచి స్తంభం దాకా 40 మీటర్లు, 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వైరు అనుకోండి. దాని నిరోధకత కిలోమీటరుకి 7.4 ఓమ్‌లు. పోనూ రానూ 80 మీటర్లకి 0.59 ఓమ్‌లు. 3 కిలోవాట్లకి 13 ఆంపియర్లు. అంటే 7.7 వోల్టుల పెరుగుదల. స్తంభం దగ్గర 246 వోల్టులుంటే ఇన్వర్టర్‌కి 253.7 కనిపిస్తుంది, ఆగిపోతుంది. అదే 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే పెరిగేది 2 వోల్టులే, 248 దగ్గర హాయిగా నడుస్తుంది. వైరు ఖర్చులో కొద్ది వేలు మిగుల్చుకుంటే ఏళ్ల తరబడి మధ్యాహ్నపు యూనిట్లు పోతాయి.

యాప్‌లో గ్రాఫ్ చూస్తే ఇది సులువుగా పట్టుబడుతుంది. మబ్బు వస్తే గీత కిందకి జారి మళ్లీ లేస్తుంది. వోల్టేజి ట్రిప్ అయితే గీత నిలువుగా సున్నాకి పడి, కొన్ని నిమిషాలు సున్నా దగ్గరే ఉండి, మళ్లీ నిలువుగా లేస్తుంది. 11 నుంచి 2 మధ్య దువ్వెన పళ్లలా కనిపిస్తే కారణం ఇదే. ఎర్రర్ జాబితాలో గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని ఉంటుంది.

చేయాల్సినవి వరుసగా: ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా మీ వైరు లావు పెంచండి, అన్ని లూజు జాయింట్లూ బిగించండి. తర్వాత మధ్యాహ్నం మీటరు దగ్గర వోల్టేజి కొలిచి, ఫోటో తీసి డిస్కం అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)కి రాతపూర్వకంగా ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్‌కి ట్యాప్ ఉంటే ఒక్క మెట్టు, 2.5 శాతం, దించితే 6 వోల్టుల దాకా తగ్గుతుంది. అన్ని సోలార్ ఇళ్లూ ఒకే ఫేజ్ మీద ఉంటే కొన్నిటిని వేరే ఫేజ్‌కి మార్చడం కూడా లైన్‌మన్ పనే. టెక్నీషియన్ మాత్రం సెట్టింగుల్లోకి వెళ్లి 253ని 270 చేసి పోతానంటే వద్దనండి. అది నిబంధనకి విరుద్ధం, ఆ వోల్టేజి మీ ఫ్రిజ్‌కీ పక్కింటి టీవీకీ కూడా వెళుతుంది.

సింగిల్ ఫేజా, త్రీ ఫేజా అన్న ప్రశ్నకి కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. అదే వైరు మీద అదే 3 కిలోవాట్లని మూడు ఫేజుల్లో సమానంగా పంపితే ఒక్కో ఫేజ్‌లో మూడో వంతు కరెంటే పారుతుంది, న్యూట్రల్‌లో దాదాపు ఏమీ ఉండదు. వోల్టేజి పెరుగుదల ఆరో వంతుకి తగ్గుతుంది, 7.7 కాస్తా 1.3 అవుతుంది. 3 కిలోవాట్ల దాకా సింగిల్ ఫేజ్ చాలు. 5 కిలోవాట్లు, ఆపైన అయితే త్రీ ఫేజ్ సర్వీసు తీసుకుని త్రీ ఫేజ్ ఇన్వర్టరే పెట్టుకోండి. కొత్త ఇన్వర్టర్లలో వోల్టేజి పెరిగినప్పుడు ఒక్కసారిగా ఆగిపోకుండా వోల్టేజిని దించేందుకు రియాక్టివ్ పవర్ తీసుకోవడం, పవర్‌ని మెల్లగా తగ్గించుకోవడం ఉంటాయి. స్మార్ట్ గ్రిడ్ అంటే ఇంటి స్థాయిలో ఇవే. ఈ సౌకర్యం ఉన్న మోడల్ అడగండి, పెట్టిన రోజే ఆన్ చేయించుకోండి.

మీటరు, స్మార్ట్ మీటరు

పగలు ఇన్వర్టర్ 12 యూనిట్లు చూపించింది, మీటరులో ఎక్స్‌పోర్టు 7 మాత్రమే ఉందని చాలామంది కంగారు పడతారు. మిగతా 5 ఇంట్లోనే వాడేశారు, మీటరుకి అవి తెలియవు. ఉత్పత్తిలోంచి ఎక్స్‌పోర్టు తీసేస్తే సొంత వాడకం వస్తుంది. నెలకోసారి ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు రీడింగులు ఫోటో తీసి బిల్లుతో పోల్చుకోండి.

2023లో కేంద్రం మార్చిన నిబంధనల్లో వేళని బట్టి రేటు ఉంది. ఎండ ఉన్న గంటల్లో మామూలు రేటు కన్నా తక్కువ, సాయంత్రపు రద్దీలో ఎక్కువ. స్మార్ట్ మీటరు పెట్టిన కనెక్షన్లకి ఇది వర్తిస్తుంది, రేట్లు రాష్ట్ర నియంత్రణ మండలి తేలుస్తుంది. ఇది మీ కేటగిరీకి వస్తే బ్యాటరీ లెక్క మారుతుంది. ఇప్పుడు ఆన్‌గ్రిడ్ పెట్టుకున్నా అప్పుడు ఏసీ కపుల్డ్ (ఇంటి ఏసీ లైను వైపే కలిసే) బ్యాటరీ ఇన్వర్టర్‌ని విడిగా తగిలించుకోవచ్చు, పాతది తీసెయ్యక్కర్లేదు. ఎప్పుడో అవసరం రావచ్చని ఇప్పుడే హైబ్రిడ్ కొనడం వృథా అనేది అందుకే.

దరఖాస్తు దగ్గర రెండు చోట్ల ఆగుతుంది. సర్వీసు చనిపోయిన తండ్రి గారి పేరు మీద ఉండి, సబ్సిడీ కొడుకు ఖాతాలోకి కావాలంటే కుదరదు. ముందు పేరు మార్పిడి చేయించుకోవాలి. రెండోది సాంక్షన్డ్ లోడ్, అంటే మీ సర్వీసుకి డిస్కం మంజూరు చేసిన కిలోవాట్లు. 2 కిలోవాట్ల లోడు ఉన్న సర్వీసు మీద 3 పెట్టాలంటే లోడు పెంచాలి. 2024 ఫిబ్రవరి సవరణ ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తుకి సాంకేతిక పరిశీలన అవసరం లేకుండా ఆమోదం పొందినట్టే లెక్క. ఆఫీసులో ఫీజిబిలిటీ రిపోర్టు రావాలంటే ఈ సంగతి గుర్తు చేయండి.

లైను లేని చోట

తోటలో షెడ్డు, చేపల చెరువు కాపలా గుడిసె, ఏజెన్సీలో లైను చేరని ఇల్లు, వీటికి ఆఫ్‌గ్రిడ్. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త: చవగ్గా వచ్చే పీడబ్ల్యూఎం చార్జ్ కంట్రోలర్‌కి 545 వాట్ల ప్యానెల్ కలపకండి. అది ప్యానెల్‌ని బ్యాటరీ వోల్టేజికి లాగేస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ అయితే 13.5 వోల్టులని 13.1 ఆంపియర్లతో గుణిస్తే 177 వాట్లే. మిగతా 370 వాట్లు వేడిగా పోతాయి. ఎంపీపీటీ కంట్రోలర్ ఆ 41 వోల్టులని దించి ఆంపియర్లు పెంచుతుంది, 500 వాట్ల దాకా బ్యాటరీకి చేరుస్తుంది.

కొటేషన్ మీద, పని అయ్యాక

కొటేషన్‌లో ఇవి రాతలో ఉండాలి: ప్యానెల్, ఇన్వర్టర్ మోడల్ నంబర్లు, డీసీ కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్ల రాగిదని, ఏసీ కేబుల్ సైజు, పొడవు, మూడు విడి ఎర్త్ పిట్లు, అంటే పిడుగు కడ్డీకి ఒకటి, డీసీ, స్ట్రక్చర్‌కి ఒకటి, ఏసీకి ఒకటి, డీసీ, ఏసీ బాక్సులు రెండింట్లోనూ సర్జ్ ప్రొటెక్టర్లు, అయిదేళ్ల మెయింటెనెన్స్. డీసీ బాక్సులో డీసీ బ్రేకరే ఉండాలి. ఏసీ కరెంటు సెకనుకి వంద సార్లు సున్నాకి దిగుతుంది కాబట్టి బ్రేకర్ తెరుచుకోగానే మెరుపు ఆరిపోతుంది. 300 వోల్టుల డీసీ ఎప్పుడూ సున్నాకి రాదు. ఏసీ బ్రేకర్ పెడితే లోపలే మండి కరిగిపోతుంది. ప్యానెల్ వైర్లని కలిపే ఎంసీ4 కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవి కావాలి. వేర్వేరు కంపెనీలవి బిగిసినట్టే ఉంటాయి గానీ కాంటాక్టు సరిగా కుదరక కాలిపోతాయి.

పని పూర్తయిన రోజు మబ్బు లేని మధ్యాహ్నం చూసుకుని మీ ఎదుటే మెయిన్ స్విచ్ ఆపించండి. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ వెంటనే ఆగాలి. లోడుని బ్యాటరీ ఇన్వర్టర్ అందుకుని ఫ్యాన్లు తిరుగుతున్నా సోలార్ ఇన్వర్టర్ తెర మీద వాట్లు సున్నా దగ్గరే ఉండాలి. అయిదు నిమిషాల తర్వాత కూడా సున్నాయే ఉంటే వైరింగ్ సరైన చోట కలిసిందన్నమాట. వాట్లు మొదలయ్యాయంటే వెంటనే సోలార్ బ్రేకర్ దించేసి, వైరు చోటు మార్చేదాకా డబ్బు ఆపండి. స్విచ్ మళ్లీ వేశాక, మే నెల ఎండలో 3.27 కిలోవాట్ల ప్యానెళ్లకి 2.4 నుంచి 2.7 కిలోవాట్లు చూపిస్తే సరిగా ఉన్నట్టే, 3.27 రాలేదని గొడవ పడక్కర్లేదు. 2 కిలోవాట్ల లోపే ఆగితే ముందు ప్యానెళ్ల మీద సిమెంటు దుమ్ము తుడిపించండి, తర్వాత స్ట్రింగ్ వోల్టేజి కొలిపించండి. 250 దగ్గర ఉండాల్సింది 210 దగ్గర చల్లని ఉదయం కూడా కనిపిస్తే ఒక ప్యానెల్ స్ట్రింగ్‌లో కలవలేదు.